కుక్కను గూర్చి తెలుగు వాచకకర్తలకు ఒక మనవి

వేంపల్లె, కడప జిల్లా.

తెలుగు వాచకములను కూర్చు సంపాదకవర్గమువారికి,

మాన్యులారా,

బడిపిల్లల చేతులలోనికి పోవు వాచకములలో ఏ పాఠముండవలెనో, ఏది యుండరాదో నిర్ణయించు భారము మీపైనున్నది గనుక, ఒక జంతువు పక్షమున ఈ మనవిని బహిరంగముగా మీ ముందుంచుచున్నాను. ఆ జంతువు కుక్క. ఈ మాట చదువగానే మీలో కొందరు చిరునవ్వు నవ్వుదురని యెరుగుదును. వీధికుక్కల వ్యాజ్యము దేశపు అత్యున్నత న్యాయస్థానము దాక పోయిన యీ కాలమున, ఇతడును ఆ తగవులో ఏదో యొక పక్షము వహించి వచ్చినాడని మరికొందరు తలంపవచ్చును. కుక్కకాటును గూర్చియు, సూదిమందును గూర్చియు, పురపాలకుల బండ్లను గూర్చియు వ్రాయగల సమర్థులు చాలమంది కలరు. వారి పనికి నేను అడ్డురాను. నేను వ్రాయబూనినది పుస్తకములలోని కుక్కలను గూర్చి.

ఏ బడిలోనైనను ఒక పిల్లవానిని పిలిచి కుక్కను గూర్చి ఐదు వాక్యములు వ్రాయుమన్నచో, వానిలో ఒకటి ‘కుక్క విశ్వాసముగల జంతువు’ అని తప్పక యుండును. వాని తండ్రియు అట్లే వ్రాసినాడు. తాత బడికి పోయియుండినచో ఆయనయు అట్లే వ్రాసియుండును. ఆ వాక్యమున అబద్ధమేమియు లేదు. అయినను అది లెక్కల పుస్తకమున ఒకవైపు పుట మాత్రమే. కుక్క మనకు చెల్లించిన దానిని జమ కట్టి, మనము దానికి పడిన బాకీని వ్రాయక విడిచిన పుట. లోకమునందలి గొప్ప కథలు, అందును మన భారత రామాయణములు, ఈ రెండవ పుటనే తెరచి చూపినవని నా నమ్మకము. కుక్క మనుష్యుని యెడ విశ్వాసముగా నుండునా యను ప్రశ్న వానికి ప్రశ్నయే కాదు; మనుష్యుడు కుక్కయెడ విశ్వాసముగా నుండునా యనునదియే వాని విచారణ.

ఆంధ్ర మహాభారతమునే తీసికొనుడు. పదునొకండవ శతాబ్దమున రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయభట్టు తెనిగింప మొదలిడిన ఆ గ్రంథమున, ఉపోద్ఘాతములు ముగిసి కథ మొదలగునంతలో మనకు వినబడు తొలి ధ్వని ఒక కుక్కపిల్ల యేడుపు. జనమేజయ మహారాజు కురుక్షేత్రమున దీర్ఘసత్రము చేయుచుండగా, దేవలోకపు కుక్కయైన సరమ కొడుకు సారమేయుడు ఆడుకొనుచు ఆ యజ్ఞవాటికకు వచ్చెను. రాజు తమ్ములగు శ్రుతసేనుడు, ఉగ్రసేనుడు, భీమసేనుడు వానిని కొట్టిరి. ఏడ్చుచు వచ్చిన బిడ్డను సరమ, ఏదైన తప్పు చేసితివేమోయని మొదట నిలదీసినట్లు మూలమున కలదు. ఈ ఘట్టమున నాకు మిక్కిలి నచ్చినది ఈ తల్లి విచారణ. హవిస్సును నాకుట యటుండగా, దానివంక కన్నెత్తియైనను చూడలేదని కొడుకు చెప్పిన పిమ్మటనే ఆమె రాజసభకు పోయెను. పోయి, ఏ నేరము చేయని పసివానిని ఏల కొట్టించితిరని యడిగెను. అచ్చట నెవ్వరును నోరు మెదపలేదు. నిరపరాధులును నిర్బలులును అగువారికి కీడు చేసినవానిపై, ఏ దిక్కునుండి వచ్చునో తెలియని భయము వచ్చి పడునని చెప్పి ఆమె వెడలిపోయెను.

ఇక రాజేమి చేసెనో చూడుడు. తమ్ములను పిలిచి మందలించినట్లు లేదు. ఆ కుక్కపిల్లకు తగిలిన దెబ్బ యెట్లున్నదని కనుగొన్నట్లును లేదు. శాపము తన తలకు తగులకుండ శాంతి చేయగల పురోహితుని వెదకుచు బయలుదేరి, శ్రుతశ్రవసుడను మునిని వేడుకొని ఆయన కుమారుడైన సోమశ్రవసుని తెచ్చుకొనెను. దెబ్బకు విరుగుడు వెదకలేదు, శాపమునకు వెదకెను. ఇది రాజనీతిలో చాల పాత అలవాటు. మన కాలపు కచ్చేరీలలో ఫిర్యాదు కాగితము పట్టుకొని నిలుచున్న వారిని అడిగిన యెడల దాని ఆయుర్దాయమెంతటిదో వారే చెప్పుదురు. పదునెనిమిది పర్వముల మహాకథకు గుమ్మమున ఒక తల్లికుక్క ఫిర్యాదు నిలిచియుండుట, ఆ ఫిర్యాదునకు రాజు బదులు చెప్పలేకపోవుట, ఇవి యాదృచ్ఛికములని నేను నమ్మజాలను.

ఎందుకనగా గ్రంథపు చివర మరల ఒక కుక్క వచ్చి నిలుచుచున్నది. నన్నయ తరువాత రమారమి రెండు వందల యేండ్లకు నెల్లూరి మనుమసిద్ధి యాస్థానమునందలి తిక్కన సోమయాజి విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వములను తెనిగించుచు మహాప్రస్థానిక పర్వమునకు వచ్చెను. పాండవులైదుగురును ద్రౌపదియు హస్తినాపురము వదలగా, వారి వెంట ఏడవదిగా ఒక కుక్క బయలుదేరెను. అది యెవరి కుక్కయో ఎవ్వరును అడుగలేదు. తూర్పు, దక్షిణము, పడమర తిరిగి ఉత్తరమునకు మళ్ళి మంచుకొండ లెక్కువరకు ఆ కుక్క యున్నదన్న సంగతియే మనకు మరపున పడును. ద్రౌపది పడెను; సహదేవుడు, నకులుడు, అర్జునుడు వరుసగ పడిరి; కడపట భీముడును పడెను. ఒక్కొక్కరు పడినప్పుడెల్ల కారణము చెప్పుచు, వెనుకకు తిరిగియైనను చూడక ధర్మరాజు నడచిపోయెను. అట్టివాడు ఇంద్రుని రథము ముందునకు వచ్చి నిలుచునప్పటికి, కుక్కను విడిచి నేను ఎక్కనని మొండికెత్తెను.

ఇంద్రుడు అడుగవలసిన ప్రశ్ననే అడిగెను. భార్యను విడిచితివి, తమ్ములను విడిచితివి, కుక్కను విడువలేవా? మూలభారతమున ధర్మరాజిచ్చిన సమాధానము, నా అభిప్రాయమున, ఆ మహాగ్రంథమునందలి న్యాయవాదములన్నిటిలో సూటియైనది. వారు మరణించిరి, మరణించిన వారితో స్నేహమును లేదు, విరోధమును లేదు, వారిని బ్రదికించుట నా చేతిలో లేదు, బ్రదికియుండగా వారినెన్నడును నేను విడిచినవాడను కాను, ఇది బ్రదికియున్నది, నన్నే నమ్ముకొని యున్నది, కావున విడువను, అని దాని తాత్పర్యము. చనిపోయిన సార్వభౌములకంటె బ్రదికియున్న ఊరకుక్కపై మనకు బాధ్యత హెచ్చు అని ఇంత నిష్కర్షగా చెప్పిన రాజు మరి యే కావ్యమునందైనను కలడేమో పండితులే చెప్పవలెను. కుక్కతోక పట్టుకొని గోదావరి యీదినట్లు అని యెగతాళి చేయు మన జాతికి, కుక్కను పట్టుకొనియే స్వర్గద్వారము దాటినవాని కథ పెద్దకథయై నిలుచుట ఒక వింత.

ఇచ్చట మీతో నాకొక చిన్న తగవు కలదు. తరగతిలో ఈ కథను చెప్పు అయివార్లు గాని, బొమ్మల పుస్తకములలో వేయు ప్రచురణకర్తలు గాని, కుక్క ధర్మదేవతగా మారు ఘట్టమునకు పరుగు తీయుదురు. అది మారిన పిమ్మట పిల్లలు ‘ఓహో, అది దేవుడా’ అని ఊపిరి పీల్చుకొందురు. కథ యంతటితో చల్లారును. దేవుడని ముందే తెలిసియుండిన యెడల ధర్మరాజు గొప్ప యేమున్నది? దేవుని విడువకుండుటకు సామాన్యుడైనను చాలును. ఆయన నిర్ణయము చేసిన క్షణమున అది కుక్కయే. బురదకాళ్ళ కుక్క, యజ్ఞపు ఛాయలకు రానీయరాదని ఇంద్రుడు శాస్త్రము చెప్పిన కుక్క. ఆ క్షణముననే పాఠము నాపవలెనని నా కోరిక.

ఆదిపర్వముననే మరియొక కుక్క కలదు. అడవిలో ఏకలవ్యుని చూచి మొరిగినందుకు, నోరు మూయునంతలో ఏడు బాణములు దాని నోట నాటుకొన్నవి. ఆ కుక్క అట్లే పాండవుల కడకు పరుగెత్తిపోగా, వారు దాని దురవస్థకు గాక విలుకాని హస్తలాఘవమునకు ఆశ్చర్యపడిరి. తరువాతి కథ యంతయు ఏకలవ్యుని బొటనవ్రేలిని గూర్చినది. ఆ అన్యాయమును గూర్చి మన కాలపు కవులును నాటకకర్తలును వ్రాసిరి, అది సముచితమే. కుక్క నోటినుండి బాణములను ఎవరు తీసిరో నన్నయ చెప్పలేదు, వ్యాసుడును చెప్పలేదు.

ఒంటిమిట్ట కోదండరాముని జిల్లావాడను గనుక రామాయణపు కుక్కను విడిచి ముందునకు పోజాలను. ఉత్తరకాండయందలి ప్రక్షిప్త సర్గలలోనిదని పండితులు పక్కన పెట్టు కథ యిది. ప్రక్షిప్తమైన నేమి, చేర్చినవాడు రసజ్ఞుడు. రాముని వాకిట ఒక కుక్క వచ్చి నిలిచెను. ఫిర్యాదు చెప్పుకొనువారెవరైన నున్నారేమో చూచిరమ్మని రాముడు పంపగా లక్ష్మణుడు పోయి దానిని లోపలికి రమ్మనెను. దేవాలయములలోనికిని రాజగృహములలోనికిని మావంటి నీచజన్ములు అనుజ్ఞ లేక రారాదని అది గుమ్మమునొద్దనే నిలిచెను. అనుజ్ఞ యిచ్చిన పిమ్మట వచ్చి, పగిలిన తలను చూపి, సర్వార్థసిద్ధుడను భిక్షుకుడు నిష్కారణముగ కొట్టెనని చెప్పెను. భిక్షుకుని పిలిపించిరి. ఆకలిగొని భిక్షకై తిరుగుచుండగా దారికడ్డముగ నున్నదని కోపము వచ్చి కొట్టితినని యతడొప్పుకొనెను. శిక్ష యేమని సభికులు తర్జనభర్జన పడుచుండగా, ఆ శిక్షను నిర్ణయించు స్వేచ్ఛను రాముడు కుక్కకే యిచ్చెను. కుక్క యతనిని కాలంజరమున కులపతిగ, అనగా మఠాధిపతిగ, చేయుమని కోరెను. ఏనుగుపై నెక్కించి పంపుచుండగ సభికులు నవ్వి, ఇది శిక్షయా వరమా యని యడిగిరి. పూర్వజన్మమున నేను ఆ పదవిలోనే యుంటిని, ఎంత జాగ్రత్తగ నున్నను ఈ గతి పట్టినది, ఈ కోపిష్ఠి యేమగునో మీరే యూహింపుడు అని కుక్క బదులు చెప్పెను. దేవస్థానముల పాలకమండళ్ళకు పోటీలు పడువారు ఈ కథను చదివిరో లేదో!

జనమేజయుని సభలో కుక్కకు సమాధానము దొరకలేదు. రాముని సభలో శిక్ష వ్రాయు కలము దానికే దొరకెను. రాజ్యము మంచిదా చెడ్డదా యని తూచుటకు మన పూర్వులు కుక్కను తూకపురాయిగ వాడిరని దీనివలన తెలియుచున్నది. హితోపదేశమునందలి చాకలివాని కుక్క మరింత ముక్కుసూటియైనది. దొంగ యింట దూరుచుండగా ఏల మొరుగవని గాడిద అడిగినప్పుడు, ఇన్నాళ్ళు దొంగల భయము లేకుండ నేను కాచుటచేతనే యజమాని నా ప్రయోజనమును మరచి కూడు పెట్టుట మానెను, ఇప్పుడు తెలిసికొననిమ్ము అని అది చెప్పును. కూలి యడిగిన కుక్క మన సాహిత్యమున ఇదియొక్కటియే. మొరిగి మేలు చేయబోయిన గాడిదకు దెబ్బలు తగిలినవి గాని, కుక్క వాదములో తప్పెక్కడనున్నదో నాకు కనబడదు.

పశ్చిమ దేశముల కథలు ఈ న్యాయస్థానమును విడిచి నేరుగా గుండెలోనికి పోవును. హోమరు మహాకవి ఒడిస్సీ పదునేడవ సర్గలో ఇరువది యేండ్ల పిమ్మట బిచ్చగాని వేషమున ఇల్లు చేరిన ఒడిస్యూసును భార్య గుర్తింపలేదు, పందుల కాపరి గుర్తింపలేదు. వాకిట పేడకుప్పపై గోమార్లు పట్టి పడియున్న ముసలి ఆర్గోసు మాత్రము గుర్తించి, లేవలేక తోక యాడించి చెవులు వాల్చెను. తన గుట్టు బయటపడునని యజమాని దగ్గరకు పోలేడు. పక్కనున్నవానికి కనబడకుండ కన్నీరు తుడుచుకొని లోపలికి నడచెను. కుక్క అప్పుడే కన్ను మూసెను. లోకమంతయు ఇందులో కుక్క విశ్వాసమును చూచి యేడ్చును. నాకు మాత్రము ఆ పేడకుప్ప కనబడును. యజమాని లేని యింట నౌకర్లు కుక్కను చూచుట మానిరని కాపరి యూమయోసు అచ్చటనే చెప్పుచున్నాడు. హోమరు కూడ రెండవ పుటను తెరచియే యుంచినాడు.

రష్యాలో తుర్గేనెవు 1852లో, గోగోలు మరణముపై వ్యాసము వ్రాసిన నేరమునకు నిర్బంధమున నుండి ‘ముము’ అను కథ వ్రాసెను. గెరాసిమ్ చెవిటి, మూగ; దొరసాని యింట ద్వారపాలకుడు; బానిస. నీటిలో కొట్టుకొనిపోవుచున్న కుక్కపిల్లను తీసి పెంచుకొనెను. ఆ కుక్క అరుపు దొరసానికి నిద్రాభంగమైనది. ఆజ్ఞ వచ్చెను. గెరాసిమ్ దానికి కడుపునిండ భోజనము పెట్టించి, పడవలో నదిమధ్యకు కొనిపోయి తన చేతులతోనే ముంచివేసి, ఆ రాత్రియే మూట కట్టుకొని తన పల్లెకు నడచిపోయెను. ఈ కథకు ఆధారము తుర్గేనెవు తల్లి యింటనున్న ఆంద్రేయ్ అను మూగ సేవకుడు. నిజమున ఆ సేవకుడు యజమానురాలిని విడువలేదు, కడవరకు కొలువు చేసెను. ఆయన చేయని పని గెరాసిమ్ చేత చేయించుట తుర్గేనెవు చేసిన తిరుగుబాటు. బానిసత్వపు చట్టమును గూర్చి ఒక్క మాటయైన లేకుండ బానిసత్వమును కాల్చివేసిన కథ యది. 1903లో జాకు లండను వ్రాసిన ‘బక్’ అను కుక్క కథను మన పిల్లలు ఆంగ్లమున చదువుచునేయున్నారు గనుక దానిని గూర్చి విస్తరింపను. అది కుక్క మనుష్యుని విడిచి అడవికి పోవు కథ, దాని సొగసు వేరు.

కల్పితకథల నడుమ ఒక శిలను కూడ మీకు చూపవలెను, ఏలననగా అది కథను మించినది. మా జిల్లా కలమళ్ళలో తొలి తెలుగు శాసనము లభించినది గనుక రాళ్ళు చదువుట మాకు కొంత యలవాటు. పొరుగున కన్నడదేశమున, నేటి మండ్య జిల్లాలోని ఆతకూరను గ్రామమున దొరకి ఇప్పుడు బెంగళూరు ప్రభుత్వ వస్తుప్రదర్శనశాలలో నున్న వీరగల్లు పదవ శతాబ్దపుది. 949 నాటి తక్కోలపు యుద్ధమున చోళ రాజకుమారుడైన రాజాదిత్యుని చంపిన గాంగ బూతుగుడు, తన వీరుడు మణలేరుని పరాక్రమమునకు మెచ్చి కోరినది యిచ్చెదననెను. మణలేరుడు ఊరు కోరలేదు, బంగారము కోరలేదు. రాజుగారి కుక్కను, ‘కాళి’ యను పేరుగలదానిని, కోరెను. ఆ కాళి ఒక పెద్ద యడవిపందిపై కలియబడి, పంది చచ్చెను, తానును చచ్చెను. మణలేరుడు దానికి రాయి నిలిపి, నిత్యపూజకు భూమి యిచ్చి, రాతిపై పందితో పోరాడుచున్న కుక్కను చెక్కించెను. అరవదేశపు ఎడుత్తనూరున అంతకు మూడువందల యేండ్లకు ముందే, మహేంద్రవర్మ పల్లవుని కాలమున, పశువులకై పోరి పడిన యజమాని పక్కన నిలిచి ఇద్దరు దొంగలను కరచిన ‘కోవివన్’ అను కుక్క పేరు శిలపై వ్రాసిరి. ఆ కాలపు సామాన్య మనుష్యుల పేర్లు లక్షలు మట్టిలో కలిసిపోగా ఈ రెండు కుక్కల పేర్లు మిగిలినవి.

ఈ మణలేరుని వంటివాడు కాలేకపోయిన మనుష్యుని కథ మనకు వేరుగా నున్నది. ఎద్దులపై ఉప్పును ధాన్యమును మోసి దేశమంత తిరిగిన బంజారాలలో, మా సీమలో సుగాలీలందుము, ఒకడు అప్పునకై తన కుక్కను షావుకారు వద్ద కుదువబెట్టిన కథ యిది. దొంగలెత్తుకొనిపోయిన సొత్తును కుక్క చూపగా, షావుకారు సంతోషించి, అప్పు చెల్లినదని చీటి వ్రాసి కుక్క మెడకు కట్టి పంపివేసెను. బాకీ తీరకముందే పారి వచ్చినదని కోపించి బంజారా కర్రతో కొట్టి చంపి, పిమ్మట చీటి చదువుకొనెను. ఛత్తీసుగఢ్ బాలోద్ జిల్లా ఖప్రీ గ్రామమున ఆ కుక్క పేరనే గుడి కలదు. పంచతంత్రమున బ్రాహ్మణి ముంగిసను చంపినదియు, వేల్సు దేశమున లెవెలిన్ రాజు గెలర్టను వేటకుక్కను చంపినదియు ఇదే కథ వేషములు మార్చుకొని తిరిగినది. ఖండఖండములలో మనుష్యజాతి తనను తాను దోషిగ నిలుపుకొనుటకు ఈ కథను మరల మరల చెప్పుకొన్నది. అయినను మనము పిల్లలకు దీనినుండి తీసి చూపునది ‘తొందరపాటు తగదు’ అను రెండు మాటలే.

మన ఆధునికులకు వచ్చెదను. మహాప్రస్థానమను పేరే పెట్టుకొన్న గ్రంథమున, 1950లో వెలువడినదానిలో, శ్రీశ్రీ కవితకు తగని వస్తువు లేదని చెప్పుటకు ముందుగ పిలిచినది కుక్కపిల్లనే. తిక్కనగారి మహాప్రస్థానమును ఆయన ఆ క్షణమున తలచెనో లేదో గాని, నాకు మాత్రము రెండు ప్రస్థానములలోను తోడు నడచునది ఒకే కుక్కవలె తోచును. విశ్వనాథ సత్యనారాయణగారు ఒక కథకు ‘మాక్లీ దుర్గంలో కుక్క’ యని పేరు పెట్టిరి. ఈ యిద్దరును ఒక్క విషయముననైన నేకీభవించిరనుట విశేషమే.

కాని మా వేంపల్లె ప్రాంతపు పిల్లవానికి ఏ కుక్కకథ నిచ్చెదవని నన్నడిగిన యెడల, నేను ప్రేమచందు 1930లో వ్రాసిన ‘పూస్ కీ రాత్’ను, అనగా పుష్యమాసపు రాత్రి కథను, తీసి యిత్తును. హల్కూ కంబళి కొనుటకు కూడబెట్టిన మూడు రూపాయలు అప్పులవాడు పట్టుకొనిపోయెను. చలిలో చేను కావలికి పోయిన హల్కూ, వణకు ఆగక, వాసన కొట్టు తన కుక్క జబ్రాను ఒడిలోనికి లాగుకొని పడుకొనెను. ఏ అసహ్యమును లేక, స్నేహితుని కౌగిలించుకొన్నట్లే. ఆకులు పోగుచేసి మంట వేసికొనిరి. చేనిలో నీలగాయులు పడినవి. జబ్రా తెల్లవార్లు మొరుగుచునే యుండెను. హల్కూ బూడిద వేడిమిని విడిచి లేవలేకపోయెను. తెల్లవారి భార్య వచ్చి చూచునప్పటికి పంట లేదు, కుక్క ప్రాణము లేనట్లు వెల్లకిల పడియుండెను. ఇక ఈ చలిలో పడుకొనవలసిన పని లేదుగదా యని హల్కూ సంతోషించెను. ఇచ్చట విశ్వాసము చూపినది కుక్క, చూపలేకపోయినవాడు మనుష్యుడు, అయినను వానిని నిందింప మనకు నోరు రాదు. రెండవ పుటలో బాకీ వ్రాయుచు, ఆ బాకీ తీర్చలేని వానికి అప్పులవాడెవడో కూడ ప్రేమచందు పక్కనే వ్రాసినాడు.

ఈ కథను మా పిల్లలకు విప్పి చెప్పనక్కరలేదు. నీలగాయులున్నచోట అడవిపందులనుంచిన చాలును. హల్కూ చేను బదులు చెనక్కాయచేను, చీనీతోట. పాలకొండల పాదమున రాత్రి మంచెపై కూర్చుండి డబ్బా వాయించువారి ఇండ్లనుండియే వారు బడికి వచ్చుచున్నారు. కోతలు ముగిసిన చేలలో ఎరువుకొరకు మందను నిలుపు దినములలో, గండి దాటి పాపఘ్ని యిసుక వెంబడి నడచినచో, గొర్రెల మందకు గాలివాటున ఒక కుక్క పడుకొనియుండుట కనబడును. నేను చూచిన దానికి ఎడమ చెవి సగము లేదు. చిరుతపులి పట్టిన గురుతని కాపరి చెప్పెను. అతడు మూట విప్పి సంగటిముద్దను విరిచి, మొదటి తునకను పక్కనున్న రాతిపై నుంచి, రెండవది తన నోట పెట్టుకొనెను. కుక్క వెంటనే రాలేదు. లేచి, మందను ఒక చుట్టు చుట్టి, వెనుకబడిన గొర్రెపిల్ల యొకదానిని ముట్టెతో లోపలికి నెట్టి, అప్పుడు వచ్చి తినెను. అది తిరిగి తన చోటికి పోయి పడుకొనువరకు కాపరి చెంబెత్తి నీళ్ళు త్రాగలేదు. వారిద్దరి నడుమ మాటయే లేదు, పిలుపైన లేదు. సుమతిశతకకారుడు కుక్కను బంగారు గద్దెపై కూర్చుండబెట్టి నిందించినాడు గాని, ఈ రాతిపై సంగటి పెట్టి చూచియుండినచో ఆ పద్యము కొంత మెత్తబడియుండును.

కరవు వచ్చినప్పుడు ఈ కాపరులే మందలను నల్లమలకు తోలుకొనిపోదురు. ఆ బ్రదుకును మా జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డిగారు ‘కొండపొలం’ అను నవలగ వ్రాయగా దానికి 2019లో తానా బహుమతి వచ్చినది. మా సీమ గొర్రెల కాపరి సాహిత్యమునకు వచ్చి చేరినాడు; అతని కుక్కల కథలు, ఏ కుక్క ఏ తోడేలిని నిలిపినదో, ఏ కుక్క గుంటపై ఏ రాయి యున్నదో, ఇంకను రచ్చబండలయొద్దనే యున్నవి. ఒకప్పుడు కడపలో బంగళా కొని, పండితులను పెట్టుకొని, తాటాకులలో చీకిపోవుచున్న వేమన్న పద్యములను సి.పి. బ్రౌను దొర వ్రాయించుకొనెను. ఆ బంగళాయున్న చోటనే నేడు ఆయన పేర భాషాపరిశోధన కేంద్రమున్నది. నోటిమాటలు పుస్తకమగుట మా యూళ్ళకు క్రొత్త కాదు. చెవియొగ్గి వినువారు కావలెను.

కావున నా కోరికలు ఇవి. చిన్న తరగతులలో సరమ కథ నుంచుడు. నన్నయ పద్యములు ఒకటి రెండు, మిగిలినది సులభవచనమున. రాజు తమ్ములను మందలింపలేదను సంగతిని మాత్రము కప్పిపుచ్చకుడు. ఎనిమిదవ తరగతిలో హల్కూ జబ్రాల కథను మంచి తెలుగున వ్రాయించి యుంచుడు. వ్రాయువారు రాయలసీమవారైన యెడల చలికిని అప్పునకును సరియైన మాటలు వారికి వెదకకయే దొరకును. పదవ తరగతిలో తిక్కన మహాప్రస్థానికము నుండి ఇంద్ర ధర్మరాజుల సంవాదమును, కుక్క కుక్కగానే యున్నంతవరకు మాత్రము తీసికొనుడు. తరువాత ఏమగునో తెలిసికొనగోరువాడు గ్రంథాలయమునకు పోవును, పోనిండు. ఉత్తరకాండ కుక్క ఫిర్యాదును నాటికగ వ్రాయించిన యెడల వార్షికోత్సవములకు పనికి వచ్చును. కులపతి వేషమునకు పిల్లలు పోటీ పడుదురు గాని, అది మీ బాధ్యత కాదు.

పాఠముల చివర మీరు వేయు ప్రశ్నలను గూర్చి ఒక మాట చెప్పి ముగింతును. ‘కుక్క విశ్వాసమునకు రెండు ఉదాహరణలు వ్రాయుము’ అని దయచేసి అడుగకుడు. ఏకలవ్యుని పాఠమునకు వచ్చినప్పుడు, కుక్క నోటినుండి ఆ ఏడు బాణములను ఎవరు తీసియుందురు, ఎట్లు తీసియుందురు, అని యొక ప్రశ్న వేయుడు. గ్రంథమున దీనికి సమాధానము లేదు గనుక జవాబుల పట్టికలో ఆ గడిని ఖాళీగ విడిచి, పిల్లలు ఏమి వ్రాసినను మార్కులు వేయుడని మూల్యాంకనము చేయు అయివార్లకు ముందుగనే తెలియజేయుడు.

ఇట్లు,
భవదీయుడు,
వేంపల్లెనుండి వయసుమళ్ళిన ఒక తెలుగు అయివారు.